పాడుచేయు చెయ్యి కావలెను

శిలీంధ్రం అంటే బూజు అని ఉద్యోగంలో చేరిన మూడో నెలలో నాకు తెలిసింది. అప్పటిదాకా బోర్డు మీది 'సహజ శిలీంధ్ర నిరోధక ద్రవ్యాల ప్రమాణీకరణ కేంద్రం' అనే పేరుని ఊపిరి బిగబట్టి ఒక్క దమ్ములో చదవడమే తప్ప అర్థం జోలికి పోలేదు. చేసే పనికి అర్థం తెలియకపోతే సీనియర్ అసిస్టెంటుకి వచ్చే ఇబ్బందేమీ లేదు. తెలిస్తేనే కాస్త ఇబ్బంది.

నిజానికి మా కేంద్రానిది మంచి పనే. ఆవాలు, ఇంగువ, పసుపు, లవంగం, వాము లాంటి వాటికి బూజుని దగ్గరకి రానివ్వని గుణం ఉందని మన ఇళ్ళలో ఆడవాళ్ళకి ఎప్పటినుంచో తెలుసు. వాళ్ళకి తెలిసిన సంగతిని పరీక్ష చేసి, ముద్ర వేసి, మళ్ళీ వాళ్ళకే ధ్రువపత్రంగా ఇవ్వడానికి మమ్మల్ని పెట్టారు. ఆ పత్రం ఉంటేనే సీసా మీద 'సహజ నిల్వ' అని అచ్చు వేసుకోవచ్చు. లేకపోతే దుకాణాల వాళ్ళు తీసుకోరు.

మా భవనం పైన నీళ్ళ ట్యాంకు కారుతుంది. అందుకని రోహిణీ కార్తెలో కూడా మా రికార్డు గది తడి ఆరదు. గోడల మీద, ఫైళ్ళ అట్టల మీద, డైరెక్టరుగారి కుర్చీ వెనక బూజు ఒకచోట నల్లగా, ఒకచోట పచ్చగా, ఇంకోచోట తెల్లటి నూగుతో కళకళలాడుతూ ఉంటుంది. దాన్ని మేమెవరం పట్టించుకోం. అది భవనం తాలూకు బూజు. మా పరిధి ఆహారం తాలూకు బూజు వరకే.

మా నిబంధనల్లో పదకొండోది ఇలా ఉంటుంది: "ఏ ద్రవ్యము వలన ఆహారము పాడుకాకుండా ఉన్నదని దరఖాస్తుదారు చెప్పుచున్నారో, ఆ ఒక్క ద్రవ్యము లేకుండా తయారుచేసిన రెండవ నమూనా ఇరువది యొక్క దినములలో పాడైనట్లు రుజువైన యెడలనే ధ్రువపత్రము మంజూరు చేయబడును." చదివితే ఎంత సబబుగా ఉందో చూడండి. మా నిబంధనలన్నీ చదువుకోవడానికి సబబుగానే ఉంటాయి.

ఉగాది వెళ్ళిన వారంలో మంగాయమ్మగారు రెండు చిన్న జాడీలు సంచిలో పెట్టుకుని వచ్చారు. ఆవిడ పక్క మండలంలో పన్నెండు మంది ఆడవాళ్ళని కూడగట్టి ఆవకాయ పెట్టి అమ్ముతున్నారు. మా డైరెక్టరు డాక్టర్ వైకుంఠరావుగారు స్వయంగా జాడీలు అందుకున్నారు. ఆయన మంచివారు. ఎవరినీ కసురుకోరు. నిబంధన ఏం చెబితే అది చేస్తారు, అంతకంటే ఒక్క అంగుళం ఎక్కువా చెయ్యరు, తక్కువా చెయ్యరు.

"ఇది ఆవపిండి ఏసిందండి. ఇది ఎయ్యందండి," అన్నారు మంగాయమ్మగారు.

"అంటే రెండోది కూడా ఆవకాయే కదా?"

"ఆవపిండి లేకుండా ఆవకాయ ఎలాగవుద్దండీ బాబూ? మా ఊళ్ళో ఇంటే నవ్విపోతారు. తవరు రాసిచ్చేరని కలిపేనండి, ఆయ్."

"దాన్ని మేము రెండవ నమూనా అంటాం," అని డైరెక్టరుగారు ప్రశాంతంగా చెప్పి, జాడీ మెడకి చీటీ కట్టించారు.

రోజూ పదకొండింటికి మూతలు తీసి చూసి రిజిస్టర్లో రాయడం నా విధి. మొదటి రోజు రెండిటికీ "బూజు: లేదు" అని రాశాను. పదో రోజూ అదే రాశాను. ఆ ఘుమఘుమకి సెక్షన్ మొత్తానికి పదకొండింటికే ఆకలి పుట్టేది. ఇరవై ఒకటో రోజు డైరెక్టరుగారు భూతద్దం తెచ్చుకుని రెండవ నమూనాని నాలుగు వైపుల నుంచీ చూశారు. ఎర్రగా, నిగనిగలాడుతూ, పైన నూనె తేలి కడిగిన ముత్యంలా ఉంది.

"శేషగిరిరావుగారూ, రెండవ నమూనా సహకరించడం లేదు," అన్నారు నాతో దిగులుగా.

మర్నాడు మంగాయమ్మగారికి నోటీసు వెళ్ళింది. చిత్తు నేనే రాశాను. "మీరు సమర్పించిన రెండవ నమూనా నిర్ణీత గడువులో పాడుకావలసి ఉండగా పాడుకాలేదు. ఇందుకు మీ దరఖాస్తును ఏల తిరస్కరించరాదో ఏడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను."

ఆవిడ రెండో రోజే బస్సెక్కి వచ్చేశారు.

"ఉప్పుందండి, కారం ఉందండి, పైన నాలుగు వేళ్ళ మందాన నూనుందండి. ఎందుకు పాడవుద్దండీ?"

మా సాంకేతిక అధికారి పట్టాభిరామ్ కుర్రాడు, తొందర మనిషి. "సార్, ఉప్పు కూడా తీసేస్తే సరి," అన్నాడు.

"రెండు ద్రవ్యాలు తీస్తే దేనివల్ల పాడైందో ఎలా చెబుతామయ్యా? నిబంధన ఒక్కటే తియ్యమంది."

"పోనీ, ఆవపిండి ఉంచేసి ఉప్పొక్కటే తీస్తే?"

"ఉప్పు చెట్టుకి కాస్తుందా? మనది మొక్కల ద్రవ్యాల పథకం," అని డైరెక్టరుగారు ఆ దారి కూడా మూసేశారు.

మంగాయమ్మగారు మా ముగ్గురి మొహాలూ వరసగా చూశారు. "ఇదేం చోద్యమండీ! పాడవకుండా పెట్టడం మా అత్తలు నేర్పేరు గానీ, పాడుచెయ్యడం మాకెవరూ నేర్పలేదండి."

"శిక్షణా లోపం," అని డైరెక్టరుగారు కాగితం మీద రాసుకున్నారు. అందులో వెటకారం లేదు. ఆయనకి వెటకారం రాదు.

ఆ సాయంత్రమే బూజు సాధన ఉపసంఘం ఏర్పడింది. డైరెక్టరుగారు అధ్యక్షులు, పట్టాభిరామ్ సభ్యుడు, నేను కార్యదర్శిని, మంగాయమ్మగారు ప్రత్యేక ఆహ్వానితులు. నాలుగు రోజుల్లో మూడుసార్లు కూర్చున్నాం. జాడీలో తడి గరిటె పెడితే మూడో రోజుకల్లా పాడవుతుందని నేను మనవి చేశాను. నీరు అదనపు ద్రవ్యమని తోసిపుచ్చారు. గోడ మీది బూజు కాస్త గీకి వేద్దామన్నాడు పట్టాభిరామ్. భవనం బూజుని ఆహారం బూజుగా మార్చడానికి పైనుంచి బదలాయింపు ఉత్తర్వులు కావాలన్నారు డైరెక్టరుగారు. మూడో సమావేశం చివర్లో మంగాయమ్మగారికి విసుగెత్తింది.

"ఇంక పాడు చెయ్యి ఒకటే మిగిలిందండి తవరికి. కొందరి చెయ్యి పడితే జాడీ బూజెక్కిపోద్దని మా ముసలోళ్ళంటారు. నే నమ్మనండి, అది వేరే సంగతి."

డైరెక్టరుగారి కలం ఆగింది.

"చెయ్యి ద్రవ్యమా, శేషగిరిరావుగారూ?"

"కాదండి. అవయవం."

"అదనపు ద్రవ్యం వాడకూడదనే కదా నిబంధన. అదనపు అవయవం వాడకూడదని ఎక్కడా లేదే," అని ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నెల రోజుల తర్వాత ఆయన మొహంలో వెలుగు చూశాను.

నోటీసు బోర్డు మీద ప్రకటన పడింది. "ఊరగాయ పాడుచేయు చెయ్యి కావలెను. స్త్రీ పురుష భేదము లేదు. పూర్వానుభవము తప్పనిసరి. రుజువు జతపరచవలెను." వారం గడిచినా ఒక్క దరఖాస్తు రాలేదు. ఎవరొస్తారు? ఆఖరికి డైరెక్టరుగారు సిబ్బందినందరినీ పిలిచి, "మీ మీ ఇళ్ళలో అటువంటి సామర్థ్యం గలవారు ఎవరైనా ఉన్నారా?" అని అడిగారు. అందరూ తలలు దించుకున్నారు. నేనూ దించుకున్నాను. కానీ ఆయన దిగులు మొహం చూడలేక నోరు జారాను.

"మా ఇంట్లో ఉందండి."

మా ఆవిడ పేరు హైమావతి. పెళ్ళైన ఏడాది ఆవకాయ కలపడంలో అమ్మకి సాయం చేసింది. నెల తిరక్కుండా ఆ జాడీ నిండా తెల్లటి బూజు కట్టింది. అమ్మ తిట్టలేదు, కొట్టలేదు. "పిల్లది మంచిదే గానీ చెయ్యి మంచిది కాదు," అని ఒక్క మాట అంది. ఆ మాట చుట్టాలందరికీ పాకిపోయింది. అప్పటినుంచి ఇరవై రెండేళ్ళుగా హైమ మా ఇంట్లో ఊరగాయ జాడీ ముట్టుకోలేదు. మూత తియ్యాలంటే అమ్మ తియ్యాలి, లేదా నేను తియ్యాలి. మేమిద్దరం ఊళ్ళో లేకపోతే పక్కింటావిడని పిలిచి రెండు ముక్కలు వేయించుకుంటుంది. ఆఖరికి వడ్డించడానికి కూడా చిన్న గిన్నెలో విడిగా తీసి ఇస్తాం, జాడీ ఆవిడ కంట పడకుండా.

ఈ ఏడు మాఘమాసంలో అమ్మ జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పారు గానీ పట్టు రాలేదు, గరిటె కూడా పట్టుకోలేదు. "ఆవకాయకి ఎలాగత్తయ్యా? నేను కలపనా?" అని హైమ అడిగితే, అమ్మ వినపడనట్టు నా వైపు తిరిగి, "అక్కకి కబురు పెట్టరా," అంది. ఆ రోజు హైమ భోజనం చెయ్యలేదు. తలనొప్పి అంది. అది తలనొప్పి కాదని నాకు తెలుసు.

అటువంటి మనిషి దగ్గరికి వెళ్ళి నేను ఆఫీసు సంగతి చెప్పాలి. చెప్పాను. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న చేతులు ఆగిపోయాయి. ఏడుస్తుందనుకున్నాను, కాదంటే తిడుతుందనుకున్నాను.

"వస్తాను," అంది.

"నువ్వేం రానక్కర్లేదు హైమా. ఏదో చెప్పేస్తాను."

"ఇరవై రెండేళ్ళండీ. నా చెయ్యి మంచిది కాదని అందరూ నమ్మారు గానీ, ఒక్కళ్ళు, ఒక్కసారి పరీక్ష పెట్టలేదు. మీ ఆఫీసన్నా పెడుతోంది," అని మళ్ళీ ఈనెలు తీసుకోసాగింది.

ఇక్కడ నేను ఒక మాట ఒప్పుకోవాలి. ఆ ఏడు జాడీ పాడవడానికి కారణం నాకు తెలుసు. కలిపిన మూడో రోజున నేను స్నానం చేసి, తల తుడుచుకుంటూ, వంటింట్లో ఎవరూ లేరు కదా అని తడి చేత్తో జాడీలోంచి ఒక ముక్క తీసుకుని తిన్నాను. ముక్క బాగుందని ఇంకోటి కూడా తీశాను. బూజు పట్టాక చెబుదామనుకున్నాను. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ఉండగానే అమ్మ తీర్పు చెప్పేసింది. తీర్పు వచ్చాక సాక్ష్యం చెప్పడం ఇబ్బందిగా ఉంటుంది. మా ఆఫీసులో ఉద్యోగం రాకముందే ఆ లక్షణం నాలో ఉందన్నమాట.

అనుభవానికి రుజువు కావాలి కదా. అమ్మే ఇచ్చింది. పట్టు లేని చేతిని ఒళ్ళో పెట్టుకుని, నా చేత రాయించింది: "మా కోడలు హైమావతి చెయ్యి పెట్టిన ఆవకాయ నెల రోజుల్లో బూజు పట్టినమాట నిజం." కింద ఎడం చేత్తో వంకరటింకరగా సంతకం చేసి, "ప్రభుత్వానికి దీనివల్ల ఉపయోగం ఉందంటే సంతోషమేగా," అంది. నిష్ఠూరానికి అన్న మాట కాదు. నిజంగానే సంతోషించింది.

హైమ ఆఫీసుకి వచ్చిన రోజున డైరెక్టరుగారు లేచి నిలబడి నమస్కారం పెట్టారు.

"అమ్మా, మీవంటి సామర్థ్యం గలవారు ముందుకు రావడం ఈ కేంద్రానికి గర్వకారణం. మీ సహజ ప్రతిభను సంకోచం లేకుండా ప్రదర్శించవలసిందిగా కోరుతున్నాను."

"నాకు చేతనైనంత చేస్తానండి," అంది హైమ.

చెయ్యి కడిగించి, నీరు అదనపు ద్రవ్యం గనక మూడు తువ్వాళ్ళతో తుడిపించి, పట్టాభిరామ్ వేళ్ళ సందులు కూడా పరీక్షించాక, రెండవ నమూనా మూత తీశారు. హైమ చెయ్యి లోపలికి పెట్టింది. ఇరవై రెండేళ్ళ తర్వాత ఆవిడ చెయ్యి జాడీలోకి దిగడం ఇదే మొదలు. మెల్లిగా అడుగు నుంచి పైకి కలిపింది. మంగాయమ్మగారు పక్కనే నిలబడి చూసి, "చేతిలో మంచి వాటం ఉందమ్మా నీకు," అన్నారు. డైరెక్టరుగారు కంగారుపడి ఆ మాట రికార్డులోకి ఎక్కించవద్దన్నారు.

మళ్ళీ ఇరవై ఒక్క రోజులు. ప్రతి ఉదయం పదకొండింటికి మూత తీసేముందు కళ్ళు మూసుకునేవాణ్ణి. ఉద్యోగం చేసినన్నాళ్ళలో ఒక రిజిస్టరు కాలమ్ కోసం నేను దేవుడికి దణ్ణం పెట్టుకోవడం అదే ప్రథమం. "బూజు: లేదు." "బూజు: లేదు." ఇంటికి వెళ్ళగానే హైమ గుమ్మంలో నిలబడి ఉండేది. నేను తల అడ్డంగా ఊపితే లోపలికి వెళ్ళి కాఫీ కలిపి తెచ్చేది. ఆ కాఫీ రోజురోజుకీ బాగుంటోందని నాకు అనిపించింది.

ఇరవై ఒకటో రోజున డైరెక్టరుగారికి కోపం వచ్చింది. ఆయనకి కోపం రావడం మేమెవరం చూడలేదు.

"తప్పుడు అనుభవ పత్రం! ఈవిడ చేతికి ఎటువంటి సామర్థ్యమూ లేదు. కఠినంగా ఉత్తర్వు రాయండి, శేషగిరిరావుగారూ. మీ భార్య అని మొహమాటపడకండి."

నేను మొహమాటపడలేదు. నా సర్వీసులో అంత ఇష్టంగా ఏ ఉత్తర్వూ రాయలేదు. రిజిస్టరు పక్కన పెట్టుకుని, రెండవ నమూనా ముందుకి లాక్కుని మరోసారి తనిఖీ చేస్తూ రాశాను. ఆ సంబరంలో గరిటె మీంచి నూనె బొట్టు ఒకటి ఫైలు మీద పడింది. తుడిచేసి, ఫైలు రికార్డు గదికి పంపి, ఉత్తర్వు సంతకానికి పెట్టాను.

మంగాయమ్మగారి వ్యవహారం మాత్రం తేలలేదు. ఆవిడ వచ్చి కుర్చీలో కూలబడి, "ఇంక నా వల్ల కాదండి. దరఖాస్తు వెనక్కిచ్చేయండి," అన్నారు. వారం తర్వాత వెనక్కివ్వడానికి ఫైలు తెప్పిస్తే, నూనె బొట్టు పడ్డ చోట గుండ్రంగా, పావలా కాసంత తెల్లటి బూజు లేచి ఉంది.

డైరెక్టరుగారు భూతద్దం తీశారు.

"ఈ నూనె ఏ నమూనాది?"

"రెండవదండి."

"అందులో ఆవపిండి?"

"లేదండి."

"పాడైందా?"

"పాడైందండి. ఫైలు మీద."

"జాడీలోనే పాడవాలని నిబంధన పదకొండులో ఎక్కడుంది?" అంటూ ఆయన లేచి నిలబడ్డారు. ఆయన కళ్ళు చెమర్చాయి. గంటలో ధ్రువపత్రం మంజూరైంది. ఆవపిండి లేని ఫైలు బూజు పట్టింది కనక, బూజుని ఆపేది ఆవపిండే అని రుజువైపోయింది.

మంగాయమ్మగారు పత్రాన్ని కళ్ళకద్దుకుని, రెండవ నమూనాని నా చేతిలో పెట్టారు. "మీ ఆవిడ కలిపింది కదండీ, ఇంటికట్టుకెళ్ళండి. అన్నంలోకి మా బాగుంటాది."

జాడీ, ఉత్తర్వు రెండూ ఇంటికి తీసుకెళ్ళాను. అమ్మ కళ్ళజోడు పెట్టుకుంది గానీ, అక్షరాలు చిన్నవని నా చేత చదివించుకుంది.

"శ్రీమతి హైమావతి హస్తమును ఇరువది యొక్క దినములు శాస్త్రీయముగా పరీక్షించిన మీదట, సదరు హస్తమునకు ఊరగాయను పాడుచేయు సామర్థ్యము ఏ మాత్రమును లేదని తేలినది. కావున భవిష్యత్తులో ఏ ఊరగాయను పాడుచేయు పనికిని ఆమె అనర్హురాలని ఇందుమూలముగా తెలియజేయడమైనది."

"మళ్ళీ చదువు."

మళ్ళీ చదివాను.

"ముద్రుందా?"

"ఉందమ్మా. డైరెక్టరుగారి సంతకం కూడా."

అమ్మ జాడీ మూత తీసి, వాసన చూసి, ఒక ముక్క తీసి పళ్ళతో కొరికింది. "ఆవపిండి లేదు గానీ ముక్క గట్టిగా ఉంది," అంది. తర్వాత నా మొహంలోకి చూసింది. "మరైతే ఆ ఏడు బూజు ఎవరి వల్ల పట్టిందిరా?"

"పరిశీలనలో ఉందమ్మా," అన్నాను. నోట్లోంచి ఆ మాటే వచ్చింది. హైమ నా వంక ఒకసారి చూసి, ఉత్తర్వు తీసుకెళ్ళి ఊరగాయల అలమర తలుపుకి అంటించింది.

ఆ ఆదివారం కాయలు తెచ్చాం. కొట్టించి, తుడిచి, నీడన ఆరబెట్టాక అమ్మ ముక్కాలిపీట మీద కూర్చుని, "హైమా, నువ్వే కలుపమ్మా," అంది. అక్క ప్రస్తావన రాలేదు. హైమ మోచేతుల దాకా ఎర్రగా చేసుకుని కలుపుతూ ఉంటే అమ్మ ఉప్పు ఎంతో, నూనె ఎంతో చెబుతూ ఉంది. ఒకసారి హైమ, "ఇంకాస్త ఆవపిండి పడాలత్తయ్యా," అంటే అమ్మ రుచి చూసి, "అవును, పడాలి," అంది. నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. ఆవ ఘాటు అని సర్దిచెప్పుకుని స్నానానికి వెళ్ళాను.

స్నానం చేసి తల తుడుచుకుంటూ వచ్చేసరికి జాడీ నిండి ఉంది. ఆ ఎరుపుని, ఆ నూనెని చూసి ఆగలేక చెయ్యి చాచాను. హైమ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"ఆగండి. ఆ ఏడు కూడా ఇలాగే స్నానం చేసొచ్చి పెట్టారు. ముందు తుడుచుకోండి."

చాచిన చెయ్యి వెనక్కి లాక్కున్నాను. "నీకు తెలుసా?"

"వసారాలోంచి చూశాను. రెండు ముక్కలు తీశారు."

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"చెబితే ఎవరు నమ్మేవాళ్ళండీ? అప్పుడు నా దగ్గర ముద్ర లేదుగా," అని తువ్వాలు నా చేతికిచ్చింది. నవ్వుతూనే అంది. కళ్ళల్లో మాత్రం నీళ్ళు నిలిచాయి. ఇరవై రెండేళ్ళ కిందట అనాల్సిన మాట కోసం నేను వెతుక్కుంటూ నిలబడ్డాను. "తప్పైపోయింది హైమా," అని మాత్రం అనగలిగాను.

అమ్మ అంతా విన్నది. పట్టు లేని చేతినే పైకెత్తి, వేలు నా వైపు చూపించింది.

"ఒరే శేషూ, ఇవాళ్టి నుంచి నువ్వు ఈ ఇంట్లో జాడీ ముట్టుకోడానికి వీల్లేదు. కావలిస్తే హైమనడుగు. గిన్నెలో తీసిస్తుంది."

ఉత్తర్వులు వెంటనే అమల్లోకి వచ్చాయి.